గ్లైడర్‌కి సీటు కుట్టినవాడు

పోయిన నెల పేపరు జిల్లా పేజీలో, కింది మూల, ఆయన చావు వేశారు. ‘ఉద్దానంలో మరో కిడ్నీ మరణం’ అని శీర్షిక. పేరు, ఊరు, వయసు, ఎన్నాళ్లుగా డయాలసిస్ మీద ఉన్నాడు, ఆఖరి పరీక్షలో క్రియాటినిన్ ఎంత వచ్చింది, అన్నీ ఉన్నాయి. మనిషి మాత్రం లేడు. నేను బడిలో చదువుకున్నవాణ్ణి కాను. సీట్ల కొలతలకి కత్తిరించే పాత పేపర్లు కూడబలుక్కుని అక్షరాలు నేర్చుకున్నాను. అచ్చులో తప్పు కనబడితే ఊరుకోలేను, ఎడిటరుకి కార్డు రాసి పడేస్తాను. ఈ వార్తలో ఒక్క తప్పూ లేదు. అందుకే ఎవరికి రాయాలో తెలియక ఇది రాస్తున్నాను.

పేరు నేను రాయను. పేరు వాళ్లు రాశారు, దాని పక్కన అంకెలూ రాశారు. ఈ జబ్బు మా వైపు బయటపడిన దగ్గర్నుంచి చూస్తున్నాను. వచ్చేవాళ్లు వస్తారు. బావిలో నీళ్లు సీసాకి పట్టుకుంటారు, రక్తం తీసుకుంటారు, ఫొటో తీసుకుంటారు, వెళ్లిపోతారు. నువ్వు ఏం పని చేసేవాడివి అని రోగిని అడిగినవాణ్ణి ఒక్కణ్ణి చూడలేదు. ఆయన్ని అడిగి ఉంటే చెప్పేవాడు. వినలేక వీళ్లే పారిపోయేవారు.

ఆయన వజ్రపుకొత్తూరు వైపు సముద్రం ఒడ్డువాడు. వేటకి వెళ్లే కుటుంబం. కుర్రతనంలో ఇంట్లో తగువు పెట్టుకుని రైలెక్కి మహారాష్ట్రలో ఎక్కడో దిగాడట. అక్కడ గ్లైడర్లు నడపడం నేర్పే మైదానంలో పనికి కుదిరాడట. గ్లైడర్ అంటే ఇంజను లేని విమానం. తాడు కట్టి లాగి పైకి వదిలితే గాలిని పట్టుకుని తిరిగి తిరిగి దిగుతుంది. ఆయన అక్కడ చిరిగిన గుడ్డ కుట్టేవాడు, రెక్క పట్టుకుని పరుగెత్తేవాడు, సీట్లు బాగుచేసేవాడు. మిగిలిన బతుకంతా నాకు వరసగా తెలియదు. నేను ఆ మనిషిని ఒకే ఒక్క పనిలో చూశాను. అది చాలు.

నాకు పలాస పక్కనే కాశీబుగ్గలో సీట్ల దుకాణం. బస్సు, ఆటో, మోటారుసైకిలు, ఏదైనా కుడతాను. టెక్కలి నుంచి సంతబొమ్మాళి వెళ్లే దారిలో ఒక ప్రైవేటు బడి ఉంది. దాని బస్సుల సీట్లు ఏటా నావే. ఒక శీతాకాలం అక్కడ పనిలో ఉండగా షెడ్డు అవతల గొడవ వినబడింది. పెద్ద నీలం టార్పాలిన్ కప్పిన పొడుగాటి వస్తువు పక్కన ఒక బక్కమనిషి, బడి వాచ్‌మన్ తగువాడుతున్నారు.

"తియ్యొద్దన్నాను గదా. సారు తిడతారు."

"తియ్యను. ఎత్తి సూత్తాను."

"ఎత్తితే తీసినట్టే."

"నీ లుంగీ ఎత్తితే తీసినట్టేనేటి?"

వాచ్‌మన్ నవ్వాపుకోలేక పక్కకి తిరిగాడు. ఆ సందులో ఆయన టార్పాలిన్ ఎత్తి తల లోపలికి పెట్టేశాడు. చాలాసేపు తల బయటికి రాలేదు. వచ్చాక మొహమంతా బూజు. "నాశనం సేసీసారు," అన్నాడు, ఎవరితోనూ కాకుండా.

ఆ గ్లైడర్‌ని బడి కరస్పాండెంటు ఎక్కడో మూతపడిన మైదానం వేలంలో కొని లారీ మీద తెప్పించాడు. కరస్పాండెంటు భూములున్న ఇంటివాడు, తెల్లబట్టల మనిషి, ఎన్నికలొస్తే జీపు మీద నిలబడేవాడు. బడి గేటు దగ్గర ఒక సిమెంటు స్తంభం కట్టించాడు. వార్షికోత్సవం నాటికి ఆ స్తంభం మీదికి గ్లైడర్‌ని క్రేనుతో ఎత్తించి బిగించాలని ఆయన ఆలోచన. రోడ్డున పోయే ప్రతివాడికీ కనబడాలి. కూర్చునే చోటు మీది అద్దం మూతకి లోపల నల్లరంగు వేయించి స్క్రూలు బిగిస్తే పిట్టలు గూళ్లు పెట్టవని కూడా ముందే ఆలోచించి ఉంచాడు.

సంగతి డయాలసిస్ గదిలో పక్క మంచం వాడు చెబితే విని ఈయన పలాసలో బస్సెక్కి వచ్చేశాడు. కరస్పాండెంటు కారు దిగుతుండగానే అడ్డంగా నిలబడ్డాడు.

"సార్, లోపల సీట్లు పాడైపోనాయి. లైనింగు ఊడిపోనాది. నాను బాగుసేత్తాను."

"స్తంభం మీద పెట్టేదానికి లోపలెందుకయ్యా? ఎవరు చూస్తారు?"

"సూసీవోడి కోసం కాదు సార్. కూకునీవోడి కోసం."

"ఎవడు కూర్చుంటాడు, కాకులా?"

"పిల్లలు. స్తంభం మీద ఎట్టీకండి, నేల మీద ఉంచండి. పిల్లలెక్కి నడిపీ కర్ర పట్టుకుంటే రెక్క కదులుతాది. అది సూపించడానికి కాదా మీరు దీన్ని తెచ్చింది?"

కరస్పాండెంటు తెచ్చింది అందుకు కాదు. కానీ ఆ మాట అందరి ముందూ అనలేక నవ్వాడు. బస్సుల రెక్సిన్ మిగిలింది ఉంది కదా, ముసలాయన సరదా తీర్చమని నాకు చెప్పాడు. ఈయన ఊరుకోలేదు. "పని అయినాక మీరొక్కసారి లోపల కూకోవాల. కూకున్నాక కూడా ఎత్తీమంటే ఎత్తీండి, నానడగను," అన్నాడు. సరేనన్నాడు కరస్పాండెంటు. అలా నేను ఈయన చేతికి చిక్కాను.

వారంలో మూడు రోజులు ఆయనకి పలాస ఆసుపత్రిలో డయాలసిస్. మిగిలిన రోజుల్లో బడికి వచ్చేవాడు. ఎడమ చేతికి సూదులు గుచ్చే చోట నరం తాడులా ఉబ్బి ఉండేది. మొదటిరోజే నా వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. కుట్టుమిషను బల్ల మీద చెయ్యి పెడితే ఎలా ఉంటుందో అలా లోపల జర్రుమని తిరుగుతోంది. నేను ఉలిక్కిపడ్డాను.

"గ్లైడర్‌కి మోటారు నేదు బావా. నాకుంది," అన్నాడు.

ఆ చేత్తో బరువెత్తకూడదు, గట్టిగా లాగకూడదు. కాబట్టి లాగడం నా పని, చెప్పడం ఆయన పని. చెప్పడంలో ఆయనకి అలుపు లేదు.

నేను నా పద్ధతిలో ఒక నమూనా కుట్టి తెచ్చాను. మందం ఫోము, పైన మెరూన్ రెక్సిన్, వజ్రాల గళ్ల కుట్టు, అంచుకి బంగారురంగు పైపింగు. పలాస స్టాండులో ఏ ఆటోవాడు చూసినా ముద్దు పెట్టుకుంటాడు. ఆయన దాన్ని అరచేతిలో పెట్టుకుని పైకీ కిందకీ ఊపాడు. ఏ వస్తువు ఇచ్చినా ముందు చేసే పని అదే.

"ఇందులో పెళ్లికూతుర్ని కూకోబెడతావేటి?"

"ఏటి తక్కువైనాదిప్పుడు?"

"తక్కువ కాదు, ఎక్కువ. బరువెక్కువ, మెత్తనెక్కువ. మెత్తటి సీటు మీద కూకున్నోడికి దబ్బుమని దిగితే నడ్డి ఇరుగుతాది. సీటు గట్టిగా ఉండాల, కూకున్నాక గట్టిగా ఉందని తెలవకూడదు."

"ఎగరని దానికి దబ్బుమని దిగడం ఏటి బావా?"

"ఎగరదని దానికి సెప్పకు."

ఫోము చూడటానికి నేను వేళ్లతో నొక్కితే ఒప్పుకునేవాడు కాదు. మోచెయ్యి దింపేవాడు, కళ్లు మూసుకుని. వేలు మొహమాటపడి మంచిగా చెబుతుందట, మోచెయ్యి చెప్పదట. టీ ఇస్తే ఒక్క గుక్క తాగి మిగతాది నా గ్లాసులో పోసేసేవాడు. ఆయన తాగే నీళ్లకి లెక్క ఉంది. ఎండలో నోరు పిడచకట్టుకుపోతే జేబులోంచి ఎండిన నిమ్మతొక్క తీసి నాకి మళ్లీ కాగితంలో చుట్టి దాచుకునేవాడు. ఆసుపత్రిలో ముందొకసారి తర్వాత ఒకసారి బరువు చూస్తారు కదా, మరునాడు వచ్చి ఆ మాటే మొదలుపెట్టేవాడు.

"నిన్న నాలోంచి రెండు కేజీల నీళ్లు లాగీసారు. మన సీటు మొత్తం కలిపి అంత బరువుండాల. ఒక నిన్నటి నీళ్లు, అంతే."

ఎందుకింత పట్టింపని ఒకరోజు అడిగాను. గ్లైడర్ ముక్కు నీడలో కూర్చుని బఠాణీలు తింటున్నాం. తినేది నేను, ఆయన చూస్తున్నాడు.

"నువ్వెప్పుడేనా ఎగిరావా బావా?"

"ఎగిరాను. ఇసకమూటనై ఎగిరాను."

రిపేరు చేశాక గ్లైడర్‌ని పరీక్షకి ఎగరేస్తారట. రెండో సీట్లో బరువుండాలి. ఇసకమూటలు మోసి కట్టి దించడం పెద్ద పని. అందుకని ఈయన్ని ఎక్కించేసేవారట.

"మూట కన్నా నాను నయం గదా, నాకు నానే ఎక్కుతాను, నాకు నానే దిగుతాను. అయితే మూటని కిందకి సూడొద్దని ఎవలూ సెప్పనేదు." గ్లైడర్ పొట్ట మీద అరచేత్తో తట్టాడు. "పైనున్నోడికి రెక్క కనపడదు బావా. తోక కనపడదు. రంగేసినావా, పేరు రాసినావా, అదేటీ కనపడదు. సీటు, పక్కన గోడ, కాళ్ల దగ్గర నేల, సేతిలో కర్ర. ఎగిరీవోడికి ఇమానమంటే లోపలే. ఈ సారు దానికి నల్లరంగేసి మూసీత్తానంటున్నాడు."

అప్పటిదాకా నేను బస్సుపని మధ్యలో చిల్లరపనిలా చేస్తున్నాను. ఆరోజు నుంచి బస్సులే చిల్లరపని అయ్యాయి.

పాత సీటు కవరు విప్పాం. దారం తెంచి ముక్కకి ముక్క వేరు చేసి, అవే కొలతలుగా పేపర్లు కత్తిరించాను. పక్కగోడల లైనింగు చెయ్యి వేస్తే పొడిలా రాలింది. దాని వెనకాల, సీటు పలక కింద, ఎవరెవరివో వస్తువులు దొరికాయి. పెన్ను మూత, పిన్నీసు, అణాల కాలపు బిళ్ల, చాక్లెట్టు కాగితం. ఆయన ఒక్కొక్కటే తీసి అరచేతిలో పెట్టుకుని పామును చూసినట్టు చూశాడు. అలాంటిది దొర్లుకుంటూ పోయి కర్ర కింద ఇరుక్కుంటే కర్ర తిరగదు, మనిషి మిగలడు అన్నాడు. అందుకే ఆయనకి ఒక నియమం: పొద్దున్న లోపలికి తీసుకెళ్లిన సూది, దబ్బనం, మేకు సాయంత్రం లెక్కకి రావాలి. ఒకరోజు ఒక సూది తగ్గింది. పక్కగోడకి కొత్త లైనింగు అంటించడం అప్పుడే పూర్తయింది, నా నడుం పడిపోతోంది.

"ఎక్కడో గడ్డిలో పడుంటాది బావా."

"గడ్డిలో ఎతుకు."

వెతికాను. లేదు. ఆయన కుడిచేత్తో లైనింగు అంచు పట్టుకుని చర్రున లాగేశాడు. నేను నోటికొచ్చింది అన్నాను. ఆయన వినబడనట్టు రెండో గోడదీ లాగాడు. సూది నా చొక్కా కాలరుకే గుచ్చి ఉంది. వాచ్‌మన్ చూసి చెప్పాడు. నాకు సిగ్గూ కోపమూ కలిసి వచ్చాయి. ఆయన మాత్రం ఎంతో సంతోషించాడు. "దొరికింది గదా, రేపు మళ్లీ అంటిద్దాం," అన్నాడు, అదేదో పండగలా.

ఇంత జాగ్రత్త మనిషి తప్పు చేశాడు. ఆ తప్పు మా పలాసవాడూ ఉద్దానం ఒడ్డువాడూ కలిస్తేనే జరిగే తప్పు.

సీటు కింద పలక ప్లైవుడ్డు. సముద్రపు గాలికి ఉబ్బుతుందని ఆయన భయం. ఒడ్డున పడవల చెక్కకి ఏం చేస్తారు? జీడిపిక్కల తొక్కల్లోంచి తీసిన నల్లటి నూనె పూస్తారు. చెద పట్టదు, నీరు దిగదు. ఆ నూనెకి పలాసలో కొదవేమిటి, ప్రతి జీడి కార్ఖానా దగ్గరా దొరుకుతుంది. నన్ను తెమ్మన్నాడు.

"బావా, అది సెయ్యి తగిల్తే బొబ్బలెక్కుతాది. పిక్కలు కొట్టే ఆడోళ్ల సేతులు సూడలేదేటి?"

"ఆరితే ఏటీ అవదు. మా తెప్పల మీద కూకుని పెరిగినోళ్లం, మా పిర్రలకి బొబ్బలున్నాయేటి?"

"తెప్ప ఎండలో నెలరోజులు పడుంటాది. ఇది మంచు కాలం."

ఆయన ఆకాశం కేసి చూశాడు. వార్షికోత్సవం దగ్గరపడుతోంది. ఆసుపత్రి రోజులు పోగా చేతిలో ఉన్న రోజులు కొద్ది. ఆ వారం పది గంటలైనా మంచు విడవలేదు. ప్రతి పనీ ఆగి చేసే మనిషి ఆ ఒక్కచోట తొందరపడ్డాడు. నూనె పూసి, పైకి ఆరినట్టు కనబడగానే ఫోము పెట్టి, గచ్చకాయరంగు రెక్సిన్ లాగి బిగించేశాం. కుట్టు ఎంత బాగా వచ్చిందంటే నాకే చెయ్యి తీయబుద్ధి కాలేదు.

కరస్పాండెంటు మాట ప్రకారం వచ్చాడు, తెల్లప్యాంటూ తెల్లచొక్కాలో. నవ్వుకుంటూ ఎక్కాడు. ఈయన బెల్టులు బిగించి మూత వేశాడు. లోపల ఆయన మొహం మారడం అద్దంలోంచి చూశాను. కర్ర ఎడమకి వంచాడు, రెక్క చివర పలక లేచింది. కుడికి వంచాడు. కాలితో తొక్కాడు, తోక తిరిగింది. తర్వాత అందరినీ మరిచిపోయి ముందుకి చూస్తూ అలా ఉండిపోయాడు. ఎన్నికల మనిషి మొహంలో అలాంటి చూపు నేనెన్నడూ చూడలేదు. దిగమని మేమే మూత తీశాం.

దిగేటప్పటికి ప్యాంటు మీద, తొడల కింద, గోధుమరంగు చారలు. సూది కన్నాల్లోంచి నూనె పైకి ఊరింది. మరునాటికి చారలున్న చోటల్లా బొబ్బలు. కూర్చోలేక నిలబడి మీటింగులో మాట్లాడాడని, ప్రజల కోసం నిలబడ్డాడని ఎవరో పొగిడారనీ తర్వాత విన్నాను. నాకు ఫోన్ చేసి తిట్టిన తిట్లు ఇక్కడ రాయను. ఆఖరికి ఒక మాట చెప్పాడు: వచ్చే ఆదివారం క్రేను వస్తుంది.

ఆదివారం వార్షికోత్సవం. బడి అంతా ఉంటుంది. ఈయనకి చెబితే ఏడుస్తాడనుకున్నాను. కొబ్బరినూనె సీసా పట్టుకుని కరస్పాండెంటు ఇంటికి బయల్దేరాడు, నన్నూ లాక్కుపోయాడు. కరస్పాండెంటు మంచం మీద బోర్లా పడుకుని ఉన్నాడు.

"తప్పు నాది సార్. గ్లైడర్‌ది కాదు. నన్ను ఎత్తీండి స్తంభం మీద, దాన్ని నేల మీద ఒగ్గీండి."

"మీరిద్దరూ బయటికి నడవండి."

"కర్ర ఒంచినప్పుడు రెక్క లేచింది గదా సార్. అది మీరు సూసారు."

కరస్పాండెంటు మొహం గోడవైపు తిప్పుకున్నాడు. సీసా అక్కడే పెట్టి వచ్చేశాం.

బయటికి రాగానే ఆయన అన్న మొదటి మాట: "రెక్సిన్ మళ్లీ ఉందా?"

"ఎందుకు? క్రేను ఒత్తంది గదా."

"ఆదివారం గదా ఒచ్చీది. ఇవాళ మంగళవారం."

అంతా విప్పేశాం. ఫోము, రెక్సిన్ గోతిలో పారేశాం. పలక బయటికి తీసి గాజుపెంకులతో గీకాం, పిక్కలు కొట్టే ఆడవాళ్లలా చేతులకి బూడిద పూసుకుని. నా వేళ్ల సందుల్లో బొబ్బలొచ్చాయి. ఆయన ఎడమచేతికి గుడ్డ చుట్టుకుని దూరంగా వీపు వెనక పెట్టుకుని, కుడిచేత్తో గీకాడు. అక్కడ బొబ్బ చిట్లి చీము పడితే ఆ చెయ్యి పోతుంది, చెయ్యి పోతే మనిషే పోతాడు. తెలిసీ మానలేదు. శుక్రవారం ఆసుపత్రి నుంచి తిన్నగా వచ్చాడు. నిలబడితే తూలుతున్నాడు. బస్సు షెడ్డులో పడుకోబెడితే అక్కడ్నుంచే, "లాగేటప్పుడు ముందు మధ్యలో లాగు బావా, మూలలు తర్వాత," అని చెబుతున్నాడు. మామూలు వార్నిష్ పూసి పూర్తిగా ఆరబెట్టి, వాసన చూసి, అప్పుడు మళ్లీ కుట్టాం. శనివారం చీకటి పడేలోపు ఆఖరి కుట్టు ముడేశాను. సూదులన్నీ లెక్కకి వచ్చాయి.

ఆదివారం పొద్దున్నే క్రేను వచ్చింది. డ్రైవరు సంతబొమ్మాళి వైపు కుర్రాడు. పట్టీలు గ్లైడర్ పొట్ట కింద దూర్చుతున్నాడు. పెయింటరు నల్లరంగు డబ్బా మూత తీశాడు. కరస్పాండెంటు వచ్చి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడ్డాడు. అప్పుడు ఈయన గబగబా నడిచి వెళ్లి, ముందు సీట్లో ఎక్కి కూర్చుని, బెల్టులు బిగించుకున్నాడు.

"ఏటిది? దిగు," అన్నాడు కరస్పాండెంటు.

"దిగను సార్."

"క్రేను వచ్చేసింది."

"ఎత్తమనండి. నాను తేలికే. మొన్ననే నీళ్లు తీసీసారు."

కరస్పాండెంటు డ్రైవరు వైపు చూశాడు. మనిషి లోపలుండగా ఎత్తితే తన లైసెన్సు పోతుందన్నాడు డ్రైవరు. కరస్పాండెంటు వాచ్‌మన్‌ని లాగమన్నాడు. వాచ్‌మన్ ఆ ఉబ్బిన చెయ్యి చూసి రెండడుగులు వెనక్కి వేశాడు. "ఎక్కడ పట్టుకోవాలో తెల్దు సార్," అన్నాడు. నేను రెక్క దగ్గర నిలబడ్డాను. నన్నూ తిట్టాడు. నిలబడే ఉన్నాను.

ఎండెక్కింది. ఆయన నోరు ఎండిపోతోంది, నిమ్మతొక్క నాకుతున్నాడు. అమ్మలూ నాన్నలూ పిల్లల్ని తీసుకుని రావడం మొదలుపెట్టారు. క్రేను డ్రైవరు ఊరికే నిలబడి నిలబడి విసిగి, గ్లైడర్ చుట్టూ తిరిగి, లోపలికి తొంగిచూశాడు.

"మావా, ఎనకాల సీటు ఖాళీయేనా?"

"ఖాళీయే. జేబులో ఏటున్నా తీసీసి కూకో. తాళాలు, సెల్లు, అన్నీ."

డ్రైవరు జేబులు దులిపి నా చేతిలో పోసి ఎక్కాడు. ముందున్న ముసలాయన కర్ర వంచితే వెనకాల వాడి కాళ్ల మధ్య కర్ర తనంతట తాను వంగింది. వాడు తిరిగి రెక్క కేసి చూశాడు. "ఓలమ్మ, లేత్తంది," అన్నాడు. తర్వాత వాడు వంచాడు, ఈయన కర్ర వదిలేశాడు. దిగమంటే దిగడు. క్రేను యజమాని ఫోన్ చేస్తే నా చేతిలో సెల్లు మోగుతోంది, వాడు వినిపించుకోవడం లేదు.

అది చూసి పిల్లలు వచ్చారు. మొదట అయిదారుగురు, తర్వాత వరస, ఆ వరస స్టేజీ దాకా. జేబులు ఖాళీ చేయించడం నా పని. గోళీలు, పెన్సిలు ముక్కలు, జీడిపప్పు బద్దలు, నా తువ్వాలు నిండిపోయింది. ఒక్కొక్కరికీ ఆయన ఒకే మాట చెప్పాడు: "ముందు ఈపు ఆన్చు. ఆన్చావా? ఇప్పుడు కర్ర పట్టు." తండ్రులు ఫొటోలు తీస్తున్నారు. ఒక తండ్రి కరస్పాండెంటు దగ్గరికి వచ్చి, టెక్కలిలో ఏ బళ్లోనూ ఇలాంటిది లేదండీ, మా చిన్నదాన్ని కూడా ఇక్కడే వేస్తాను అన్నాడు.

కరస్పాండెంటు ఆ మాట విని స్తంభం కేసి చూశాడు, వరస కేసి చూశాడు. ఆయన లెక్కలు ఆయనకుంటాయి. ఆ మనిషి మంచివాడైపోయాడని నేను రాయను. కానీ ఆరోజు గోడవైపు తిప్పుకున్న మొహం ఈరోజు ఇటువైపు ఉంది. కాసేపటికి ఆటల మాస్టారుని పిలిచి, చిరాగ్గా, "ఆ మూత నెమ్మదిగా వెయ్యమను. పగిలిపోతే మళ్లీ దొరకదు," అన్నాడు. పెయింటరు డబ్బా మూత మూసేశాడు. క్రేను ఖాళీగా వెళ్లింది. డ్రైవరు గేటు దాటేదాకా వెనక్కి చూస్తూనే ఉన్నాడు.

ఈయన దిగడానికి లేవబోతే కాళ్లు రాలేదు. నేనూ వాచ్‌మనూ చెరో పక్కా పట్టుకున్నాం. ఎక్కడ పట్టుకోవాలో ఈసారి వాచ్‌మన్‌కి తెలిసింది.

ఆ తర్వాత ఆయన ఇంకా కొంతకాలం బతికాడు. ఆసుపత్రి లేని రోజు ఒంట్లో ఓపికుంటే టెక్కలి బస్సెక్కేవాడు. పోయేముందు నేను చూడటానికి వెళితే మాట సరిగ్గా రావడం లేదు. మోచెయ్యి ఎత్తి ఆసుపత్రి పరుపు మీద దింపి, కళ్లు మూసుకుని, బాగులేదన్నట్టు తల అడ్డంగా ఆడించాడు. నాకు నవ్వొచ్చింది. నర్సమ్మ కోప్పడింది. ఇవేవీ పేపర్లో రాలేదు.

స్తంభం ఇంకా అక్కడే ఉంది. దాని మీద వాళ్ల నాన్న విగ్రహం పెడతానని కరస్పాండెంటు అంటున్నాడు. ప్రస్తుతానికి ఆటల మాస్టారు వాలీబాల్ వల ఒక చివర దానికే కడుతున్నాడు.

ఇవాళ ఫోన్ చేశాడు కరస్పాండెంటు. "మేస్త్రీ, ముందు సీటు అంచు చిరిగిపోయింది. లోపల ఫోము పిల్లలు గిల్లి పారేస్తున్నారు. ఎంత చెప్పినా ఆగటం లేదు. ఈసారైనా చిరగని గుడ్డ వెయ్యి."

"చిరగని గుడ్డ ఎవరూ కూకోని సీటుకే ఉంటాది సార్," అన్నాను.

"సరేలే, రేపొచ్చి కుట్టు," అన్నాడు. రెక్సిన్ కోసి ఉంచాను. పొద్దున్న మొదటి బస్సుకి వెళుతున్నాను.